జట్టును నిలిపేది నాలుగోవాడే! - క్రాస్‌ కంట్రీ తొలి పోటీలో డిగ్రీ విద్యార్థులు నేర్చిన పాఠం

బొబ్బిలి: పరుగు పందెం అనగానే తొలుత గీత దాటిన వ్యక్తి వైపే అందరి చూపూ మళ్లుతుంది. క్రాస్‌ కంట్రీలో మాత్రం విజేత మెడలో పతకం పడిన తరువాత కూడా అసలు లెక్క మిగిలే ఉంటుంది. జట్టులో నాలుగోవాడు ఎప్పుడు వస్తాడా అని కళాశాలలన్నీ ఎదురుచూస్తాయి. ఈ విద్యా సంవత్సరంలో జిల్లాలో జరిగిన తొలి అంతర్‌ కళాశాలల పోటీకి బొబ్బిలి ప్రాంతంలోని ఒక గ్రామీణ డిగ్రీ కళాశాల నుంచి ఆరుగురు విద్యార్థులు వెళ్లారు. వారి వెంట వెళ్లిన ఈ విలేకరికి కనిపించిన దృశ్యాలు, ఆ పరుగు వెనుక ఉన్న లెక్క పాఠకుల కోసం.

స్టేడియం అక్కర లేని పోటీ

క్రాస్‌ కంట్రీ అంటే మైదానంలో చదునైన ట్రాక్‌పై పరుగెత్తడం కాదు. గడ్డి నేల, చెరువు గట్టు, మట్టి బాట, ఎత్తుపల్లాలు, చిన్నపాటి కాలువలు... ఏవి అడ్డొచ్చినా దాటుకుంటూ పోవలసిందే. 19వ శతాబ్దంలో ఇంగ్లండు పాఠశాలల్లో ఆటగా మొదలైన ఈ పరుగు క్రమంగా క్రీడగా మారింది. ప్రపంచ క్రాస్‌ కంట్రీ పోటీలు తొలిసారిగా 1973లో బెల్జియంలోని వారెగెమ్‌లో జరిగాయి. సీనియర్‌ విభాగంలో పురుషులకు, మహిళలకు దూరాలు ఒకప్పుడు వేర్వేరుగా ఉండేవి. 2017 నుంచి ఇరువురికీ 10 కిలోమీటర్లే.

మన విశ్వవిద్యాలయాల్లో ముందుగా కళాశాలల మధ్య పోటీలు పెడతారు. అందులో ప్రతిభ కనబరచిన వారిని విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపిక చేసి అఖిల భారత అంతర్‌ విశ్వవిద్యాలయ పోటీలకు పంపుతారు. పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి దేశస్థాయి పోటీకి దారి ఇక్కడే మొదలవుతుంది.

తరగతి గదిలో నిద్ర.. తెల్లవారుజామున ఉప్మా

బొబ్బిలి కాంప్లెక్సులో ముందురోజు సాయంత్రం బస్సెక్కిన జట్టు రాత్రికి పోటీ జరిగే కళాశాలకు చేరింది. తరగతి గదిలో బెంచీలు పక్కకు జరిపి, దుప్పట్లు పరచుకుని పడుకున్నారు. పరుగు ఉదయం ఆరున్నరకు. అందుకే వ్యాయామ అధ్యాపకుడు మూడున్నరకే అందరినీ లేపారు. కొద్దిగా ఉప్మా, ఒక్కో అరటిపండు తినిపించారు. తిన్నది అరగడానికి కనీసం రెండు, మూడు గంటల వ్యవధి ఉండాలని, కడుపు నిండుగా ఉంటే పరుగులో పట్టేస్తుందని ఆయన వివరించారు.

ఆరుగురిలో ముగ్గురికే పరుగుకు తగిన బూట్లు ఉన్నాయి. ఇద్దరు కాన్వాసు బూట్లతో వచ్చారు. చివరివాడికి అవీ లేవు. అతడు బీఏ రెండో సంవత్సరం విద్యార్థి. తండ్రి గొర్రెల కాపరి. ఎత్తు చాలక సైన్యం ఎంపికల నుంచి వెనుదిరిగాడు. ఆరుగురూ లేకపోతే జట్టు పూర్తి కాదని చివరి వారంలో అతడిని చేర్చారు. ఈ ఏడాది చదువు ఆపి హైదరాబాదులో భవన నిర్మాణ పనులకు వెళ్లిపోవాలని అప్పటికే అనుకుంటున్నట్లు తోటివారు చెప్పారు.

సున్నం గీత దగ్గర అధ్యాపకుడు అందరినీ దగ్గరకు పిలిచి ఒకే మాట చెప్పారు. "ఒరేయ్‌, మొదటి చుట్టులో ఎవర్నీ దాటొద్దు. మూడో చుట్టు నుంచి ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటూ దాటండి." అందరూ "సరే మాస్టారూ" అన్నారు.

లెక్క ఎలా వేస్తారు?

ప్రతి కళాశాల నుంచి ఆరుగురు పరుగెత్తవచ్చు. వారిలో ముందుగా వచ్చిన నలుగురి స్థానాలను కలుపుతారు. ఒకటో స్థానానికి ఒక పాయింటు, పదో స్థానానికి పది పాయింట్లు. ఎవరి మొత్తం తక్కువైతే ఆ జట్టుదే గెలుపు. ప్రపంచ పోటీల్లోనూ ఆరుగురు పరుగెత్తి నలుగురి స్థానాలు లెక్కకు వచ్చే పద్ధతే ఉంది.

అయిదు, ఆరు స్థానాల్లో వచ్చే జట్టు సభ్యుల శ్రమ కూడా వృథా కాదు. వారు ఎదుటి జట్టు నాలుగోవాడి కంటే ముందు వస్తే అతడి స్థానం వెనక్కు జరుగుతుంది. ఆ మేరకు ఎదుటి జట్టు పాయింట్లు పెరుగుతాయి. అందుకే 40వ స్థానంలో ఉన్నవాడు 39వ వాడిని దాటడానికి ప్రాణం పెట్టి పరుగెత్తుతాడు. చూసేవారికి అది వెనుకబడిన ఇద్దరి పోరులా కనిపించినా జట్టు భవితవ్యం తేలేది అక్కడే.

తొలి చుట్టులో తొందర

రెండు కిలోమీటర్ల దారిని అయిదు చుట్లు తిరగాలి. కళాశాల మైదానంలో మొదలై, మామిడితోట పక్కగా మట్టిబాట పట్టి, చెరువు గట్టెక్కి దిగి, మళ్లీ మైదానం చేరడం ఒక చుట్టు. రాత్రి కురిసిన వానకు గట్టు దిగే చోట ఎర్రమట్టి జారుతోంది. ఈల మోగగానే 64 మంది ఒక్కసారిగా కదిలారు.

మన జట్టులో బీకాం చివరి సంవత్సరం విద్యార్థి ఒకరు ఆ గుంపును చీల్చుకుని ముందుకు దూసుకుపోయాడు. తొలి చుట్టు 6 నిమిషాల 10 సెకన్లలో ముగించి రెండో స్థానంలో ఉన్నాడు. మైదానంలో చప్పట్లు మోగాయి. అధ్యాపకుడు మాత్రం చప్పట్లు కొట్టలేదు. చేతిలోని కాగితంపై సమయం రాసుకుని తల అడ్డంగా ఆడించారు.

దీనికి కారణం ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో తెల్లవారుజామున రోడ్లపై పరుగెత్తే యువకులలో అధికులు సైన్యం, పోలీసు ఉద్యోగాల కోసం సిద్ధమవుతున్నవారే. ఆ ఎంపికల్లో పరుగు దూరం 1.6 కిలోమీటర్లు. అక్కడ మొదటి నుంచే వేగం పెంచాలి. నెలల తరబడి అదే అలవాటైన కాళ్లు పది కిలోమీటర్ల పరుగులోనూ అలాగే కదులుతాయి. హద్దు మీరిన వేగంలో కండరాలు కోరినంత ప్రాణవాయువు అందదు. శరీరంలో నిల్వ ఉన్న శక్తి త్వరగా తరిగిపోతుంది. ఒకసారి అలా అలసిన కాళ్లు నడుమ కొంత నెమ్మదించినా వెంటనే కోలుకోవు.

ఆ విద్యార్థి రెండో చుట్టు 7 నిమిషాల 5 సెకన్లకు, మూడోది 7 నిమిషాల 50 సెకన్లకు, నాలుగోది 8 నిమిషాల 25 సెకన్లకు చేరింది. ప్రతి చుట్టుకూ అతడి ముఖంలో రంగు మారుతూ వచ్చింది.

గొర్రెల వెనుక నేర్చిన నడక

ఇదే సమయంలో బూట్లు లేని విద్యార్థి తొలి చుట్టు 7 నిమిషాల 25 సెకన్లలో ముగించాడు. అప్పుడతడు నలభై మందికి పైగా వెనుక ఉన్నాడు. తరువాతి రెండు చుట్లూ 7 నిమిషాల 20 సెకన్ల చొప్పున, నాలుగోది మళ్లీ 7 నిమిషాల 25 సెకన్లలో పూర్తిచేశాడు. గడియారం పెట్టి కొలిచినట్టు పరుగెత్తాడు. గట్టు దిగేచోట బూట్లున్నవారు జారి పడుతుంటే అతడు వేళ్లు నేలలో గుచ్చి దిగిపోయాడు.

నాలుగు చుట్లు ముగిసేసరికి గడియారంలో 29 నిమిషాల 30 సెకన్లు. మొదట దూసుకుపోయినవాడు, నింపాదిగా వచ్చినవాడు ఆ క్షణాన పక్కపక్కనే ఉన్నారు. "రారా అన్నా, నా వెనకాలే రా" అని చిన్నవాడు పిలవడం దగ్గరే ఉన్న ఈ విలేకరికి వినిపించింది. పెద్దవాడికి బదులు పలికే ఊపిరి లేదు.

చివరి చుట్టును చిన్నవాడు 7 నిమిషాల 10 సెకన్లలో ముగించాడు. మొత్తం 36 నిమిషాల 40 సెకన్లు, 17వ స్థానం. బీకాం విద్యార్థి 38 నిమిషాలకు గీత దాటాడు. చివరి వంద మీటర్లలో ఇద్దరు అతడిని దాటిపోయారు. దక్కినది 41వ స్థానం.

ఎండ కన్నా ఉక్కే ప్రమాదం

పోటీలో 64 మంది బయలుదేరగా 59 మంది గమ్యం చేరారు. మరో కళాశాల విద్యార్థి ఒకరు మూడో చుట్టులో తూలుతూ దారి తప్పి తోటలోకి నడిచాడు. పేరు అడిగితే చెప్పలేకపోయాడు. అధ్యాపకులు వెంటనే నీడకు చేర్చి, బకెట్లతో తలపై, ఒంటిపై నీళ్లు పోసి విసిరారు. పది నిమిషాల్లో తేరుకున్నాడు. ఆ తరువాత ఆసుపత్రికి తీసుకువెళ్లి పరీక్ష చేయించారు.

వానలు పడే కాలంలో ఎండ తక్కువే కదా అనుకోవడం పొరపాటు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒంటి వేడి తగ్గదు. తూలడం, మాట తడబడటం, తికమక పడటం వడదెబ్బ గుర్తులు. అలాంటి వారిని ముందు చల్లబరచి, తరువాతే వాహనం ఎక్కించాలి.

ఈ క్రీడ చరిత్రలోనూ వేడికి సంబంధించిన చేదు అధ్యాయం ఉంది. 1924 పారిస్‌ ఒలింపిక్స్‌లో తీవ్రమైన ఎండలో జరిగిన క్రాస్‌ కంట్రీ పరుగులో 38 మంది బయలుదేరగా 15 మందే గమ్యం చేరారు. ఫిన్లండ్‌ వీరుడు పావో నూర్మి గెలిచారు. అనేకమంది దారిలోనే కుప్పకూలారు. ఆ తరువాత ఒలింపిక్స్‌లో క్రాస్‌ కంట్రీకి మళ్లీ చోటు దక్కలేదు.

సమానమైనా నాలుగో స్థానమే

ఫలితాలు నల్లబల్లపై రాసేసరికి తొమ్మిదయింది. తొలి స్థానం పొందిన విద్యార్థి కళాశాలకు మిగిలిన మూడు స్థానాలు 20, 45, 54. మొత్తం 120 పాయింట్లు. జట్ల పతకాల్లో ఆ కళాశాల పేరు లేదు. జట్టుగా గెలిచిన కళాశాల స్థానాలు 2, 5, 8, 13. మొత్తం 28 పాయింట్లే. రెండో జట్టుకు 56 వచ్చాయి.

మన జట్టు స్థానాలు 6, 17, 31, 41. మొత్తం 95. మరో కళాశాల స్థానాలు 14, 22, 26, 33. అదీ 95. పాయింట్లు సమానమైతే ఎవరి నాలుగోవాడు ముందుగా వస్తే ఆ జట్టుకే పైస్థానం. 33 ముందా, 41 ముందా? మూడో స్థానం, కంచు పతకాలు ఎదుటి జట్టుకు వెళ్లాయి. చివరి వంద మీటర్లలో దాటిపోయిన ఇద్దరిలో ఒక్కరిని నిలువరించి ఉంటే మొత్తం 94 అయ్యేది. పతకం మనదయ్యేది.

బీకాం విద్యార్థి చాలాసేపు చెట్టు కింద కూర్చుండిపోయాడు. "మొదటి రౌండు ఆర్మీ రన్నింగులా కొట్టేశాను మాస్టారూ" అన్నాడు. అధ్యాపకుడు కోప్పడలేదు. "తొలి పోటీ ఉన్నది ఇది తెలుసుకోవడానికే. ఈ తప్పు పెద్ద పోటీలో చేసి ఉంటే దిద్దుకునే వీలుండేది కాదు" అని చెప్పి చుట్ల సమయాలు రాసిన కాగితాన్ని అతడి చేతికిచ్చారు.

అంత నిలకడగా ఎలా పరుగెత్తావని అడిగితే కాపరి కొడుకు సిగ్గుపడ్డాడు. "గొర్రెల వెనకాల పోయినట్టే పోయాను సార్‌. తొందరపడితే అవి చెదిరిపోతాయి" అన్నాడు.

దారి ఉంది.. దన్ను కావాలి

మహారాష్ట్రలోని బీడ్‌ జిల్లా మాండ్వా గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టిన అవినాశ్‌ సాబ్లే పన్నెండో తరగతి తరువాత సైన్యంలో చేరారు. 2015లో సైన్యం నిర్వహించిన క్రాస్‌ కంట్రీ పోటీల్లో పరుగెత్తడంతో ఆయన క్రీడా జీవితం మొదలైంది. ఆపై అడ్డంకులు, నీటిగుంట దాటుతూ సాగే 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌కు మారారు. 2022 బర్మింగ్‌హామ్‌ కామన్వెల్త్‌ క్రీడల్లో రజతం, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించారు. సైన్యం కోసం పరుగెత్తే మన పల్లె యువకులకు ఈ దారి దూరమైనదేమీ కాదు.

ఇందుకు లక్షల రూపాయల ట్రాక్‌ అవసరం లేదు. చెరువు గట్టు, మామిడితోట, ఒక గడియారం చాలు. వారంలో రెండు రోజులు మాట్లాడుకుంటూ పోగలిగినంత నెమ్మదిగా ఎక్కువ దూరం పరుగెత్తడం, ఒక రోజు చుట్టు చుట్టుకూ సమయం తేడా రాకుండా సాధన చేయడం, ఒక రోజు గట్టెక్కి దిగడం... తరువాతి పోటీకి అధ్యాపకుడు సిద్ధం చేసిన ప్రణాళిక ఇదే. ఇక కావలసింది ప్రయాణ ఖర్చులు, బూట్లు. ఈసారి బస్సు చార్జీల్లో కొంత భాగం అధ్యాపకుడే తన జేబులోంచి పెట్టుకున్నారు. ఆరుగురిని పంపలేని కళాశాల నలుగురిని ఎంచుకోలేదు. ఆరో వాడిగా వచ్చిన విద్యార్థే ఈసారి జట్టులో రెండో వాడయ్యాడన్న సంగతిని కళాశాల యాజమాన్యాలు, దాతలు గుర్తించాలి.

తిరుగు ప్రయాణంలో బస్సు వెనుక సీటులో ఆరుగురూ ఆ కాగితంపైకి వంగి చుట్ల సమయాలు కూడుతూ కనిపించారు. హైదరాబాదు ప్రయాణం సంగతి ఏమిటని కాపరి కొడుకును అడిగితే, తరువాతి పోటీ అయ్యాక చూస్తానని బదులిచ్చాడు.