మీకు తెలుసా? చెంబెడు చెరువు నీళ్లలో చిత్రాలు!

బయ్యారం పెద్దచెరువులో ఓ చెంబు ముంచి చూడండి. నీళ్లు తేటగానే కనిపిస్తాయి. అందులోంచి ఒక్క చుక్క సూక్ష్మదర్శిని కింద పెడితే మాత్రం జాతరే! మహబూబాబాద్ జిల్లాలోని ఈ చెరువును కట్టించింది కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ. ఇలాంటి చెరువుల్లో శిస్తు కట్టకుండా కాపురం చేసే బుల్లి ప్రాణులే జంతుప్లవకాలు. వీటిలో ముఖ్యంగా మూడు వంశాలు: రోటిఫర్లు, క్లాడోసెరాలు, కోపిపాడ్లు. ఎవరు ఏ వంశమో, అందులో ఏ జాతో చూసి చెప్పగలిగే నిపుణులు మాత్రం అరుదు. వాళ్ల కన్ను ఎంత విలువైందో మీరే చూడండి!

కోపిపాడ్లలో సైక్లాప్స్ అనేదానికి ఒకే కన్ను, అదీ నడినెత్తిన! దాని పొడవు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. అయినా కోపిపాడ్లు బెదిరి దుంకాయంటే సెకనుకు తమ ఒంటి పొడవుకు 500 రెట్ల వేగం అందుకోగలవు. అయిదున్నర అడుగుల మనిషి అదే లెక్కన దుంకితే సెకనుకు 800 మీటర్లు దాటతాడు, అంటే ధ్వని వేగానికి రెండింతల పైమాటే. జనగామలో అరిచి దుంకితే స్టేషన్ ఘన్‌పూర్‌కు అరుపు కంటే ముందు మనిషే చేరతాడన్నమాట!

ఈ సైక్లాప్సే ఒకప్పుడు మన ఊళ్లను ఏడిపించిందని తెలుసా? మీ ఇంట్లో పెద్దవాళ్లను ‘నారి కురుపు’ గురించి అడగండి. దిగుడు బావిలో నీళ్లు తాగితే, ఆ నీళ్లలోని సైక్లాప్స్ కూడా కడుపులోకి పోయేది. దాని పొట్టలో దాక్కున్న పురుగు పిల్ల మనిషి ఒంట్లో దాదాపు ఏడాది పెరిగి, మీటరు దాకా పొడవున్న దారమై, కాలిపొక్కులోంచి బయటికొచ్చేది! మంట చల్లారుతుందని కాలు నీళ్లలో పెడితే చాలు, అది వేలకొద్దీ పిల్లల్ని వదిలేది. మళ్లీ సైక్లాప్స్, మళ్లీ చెంబు, మళ్లీ మనిషి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఈ జబ్బున్న రాష్ట్రాల్లో ఒకటి.

మరి దాన్ని ఏ టీకా వేసి పోగొట్టారు? ఏ టీకా లేదు! నీళ్లు గుడ్డతో వడగట్టారు, బోర్లు వేశారు, దిగుడు బావులు మూశారు లేదా బాగుచేశారు, నీళ్లలో మందు కలిపి సైక్లాప్స్‌ను చంపారు. మనదేశంలో చివరి కేసు 1996లో. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌కు విముక్తి పత్రం ఇచ్చింది. ఇదంతా కుదిరింది ఎందుకంటే, 1870 ప్రాంతంలో అలెక్సీ ఫెద్చెంకో అనే రష్యన్ ఆ పురుగు పిల్లలు సైక్లాప్స్ లోపలికి చేరడం సూక్ష్మదర్శినిలో పట్టుకున్నాడు. దొంగ ఎవరో తెలియకపోతే తలుపు ఎక్కడ బిగిస్తాం?

పాత చీరకు కొత్త చీర కంటే ఎక్కువ విలువ ఎక్కడో చెప్పుకోండి! బంగ్లాదేశ్ పల్లెల్లో. కలరా క్రిములు కోపిపాడ్లను పట్టుకుని ప్రయాణిస్తాయి కాబట్టి, ఉతికి ఉతికి పోగులు దగ్గరపడ్డ పాత చీరను నాలుగు మడతలు వేసి నీళ్లు వడగడితే కలరా కేసులు 48 శాతం తగ్గాయని 2003లో రీటా కోల్‌వెల్ బృందం ప్రకటించింది.

ఇంతా చేసి సైక్లాప్స్ వంశమంతా విలన్లేనా? కాదండోయ్! వియత్నాంలో వీటి దగ్గరి చుట్టం మీసోసైక్లాప్స్‌ను నీళ్ల తొట్లలో వదిలితే దోమపిల్లల్ని పట్టి తినేశాయి. 37 కమ్యూన్లలో ఏకంగా 32 చోట్ల డెంగీ దోమ జాడే లేకుండా పోయింది. అయితే ఏ మీసోసైక్లాప్స్? లోకమంతా ఒకే జాతి అని పుస్తకాలు రాసుకున్నదాంట్లో అనేక జాతులు కలగలిసి ఉన్నాయని 1981లో ఫ్రీడ్రిష్ కీఫర్ అనే జర్మన్ నిపుణుడు విడదీసి చూపించాడు. అంతవరకూ ఉష్ణదేశాల్లో రాసిన పేర్లు చాలావరకు తప్పే!

ఒక కోపిపాడ్‌కు మన కొల్లేరు పేరు పెట్టారు! నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి, రాధాకృష్ణ 1981లో వర్ణించిన ఆ ప్రాణి హీలియోడయాప్టోమస్ కొల్లేరుయెన్సిస్. ఈ జాతుల తేడా కనిపెట్టేది ముఖం చూసి కాదు, మగదాని అయిదో జత కాళ్లు చూసి! మిల్లీమీటరు ప్రాణి కాలును సన్నటి సూదులతో విడదీసి, గాజుపలక మీద పరిచి, అందులో ఏ ముల్లు ఎటు వంగిందో చూడాలి. ఈ విద్యలో రంగారెడ్డి ఎంతటివారంటే, డయాప్టోమిడే కుటుంబంలోని కొన్ని ప్రజాతులను గుర్తుపట్టే అంతర్జాతీయ మార్గదర్శిని 1994లో ఆయన రాసిందే. మన బయ్యారానికి కూడా ఇలా ఒక ప్రాణికి పేరయ్యే యోగం పడితే ఎంత బాగుంటుంది!

రోటిఫర్ల సంగతి ఇంకా విచిత్రం. వాటి గుర్తింపు కార్డు పళ్లే! మెత్తటి ఒళ్లున్న రోటిఫర్ మీద, నమూనా చెడకుండా పోసే ఫార్మలిన్ పడగానే ముడుచుకుని ఆకారంలేని ముద్దవుతుంది. అప్పుడు బ్లీచింగ్ ద్రావణంతో ఒళ్లు కరిగించి, మిగిలిన దవడలను చూసి జాతి చెబుతారు. ఆ దవడలు చాలావాటిలో మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటాయి!

పిల్లలకు కొమ్ములు మొలవాలంటే తల్లికి వాసన తగిలితే చాలు! బ్రాకియోనస్ అనే రోటిఫర్‌ను ఆస్ప్లాంక్నా అనే ఇంకో రోటిఫర్ మింగేస్తుంది. శత్రువు నీళ్లలో వదిలిన రసాయనం సోకితే, తల్లి పెట్టే గుడ్లలోంచి పొడవాటి ముళ్లున్న పిల్లలు పుడతాయి, ఇక మింగుడు పడవు.

ఆ ముళ్లే కొత్తవాళ్లను బోల్తా కొట్టిస్తాయి. ఎలాగంటారా? చెరువులో పోషకాలు, మురుగు ఎంత పేరుకున్నాయో తెలుసుకోవడానికి 1983లో స్లాదెచెక్ అనే చెక్ శాస్త్రవేత్త ఓ చిన్న భాగహారం చెప్పాడు: బ్రాకియోనస్ జాతుల సంఖ్యను ట్రైకోసెర్కా అనే మరో రోటిఫర్ జాతుల సంఖ్యతో భాగించండి. జవాబు 1 లోపైతే శుభ్రం, 2 దాటితే చెరువు పాడవుతున్నట్టే. ఇప్పుడు లెక్క కట్టండి. నిజంగా ఉన్నవి రెండు, రెండు. జవాబు 1. కానీ ముళ్లున్నది, లేనిది, పొట్టి ముళ్లది అని ఒకే బ్రాకియోనస్‌కు మూడు పేర్లు రాసేస్తే నాలుగు, రెండు. జవాబు 2! నీటిలో ఒక్క చుక్క మురుగు కలవకుండానే చెరువు మురికి గీతకు చేరిపోయింది!

అటు చూస్తే నిపుణులకూ చిక్కులే. ఒకే జాతి అనుకున్న బ్రాకియోనస్ కాలిసిఫ్లోరస్ నాలుగని 2018లో తేలింది. ఉప్పునీటి బ్రాకియోనస్ ప్లికాటిలిస్ అయితే ఒక పేరు చాటున 15 జాతులు!

మగవాళ్లే లేని వంశం ఉందంటే నమ్ముతారా? డెల్లాయిడ్ రోటిఫర్లు 450కి పైగా జాతులున్నా, ఇంతవరకు ఒక్క మగదీ ఎవరికీ దొరకలేదు. వీటి ఓపిక కూడా అంతే: సైబీరియా మంచుమట్టిలో 24,000 ఏళ్లు గడ్డకట్టుకుపోయిన ఒకటి, 2021లో వెలువడ్డ పరిశోధన ప్రకారం, కరగగానే లేచి పిల్లల్ని కన్నది!

ఇక క్లాడోసెరాల వంతు. అమెరికాలోని మిన్నెసోటాలో ఓ సరస్సు అడుగు బురదలోంచి తీసిన, ఆ వంశానికే చెందిన డాఫ్నియా సుమారు 700 ఏళ్లనాటి గుడ్లను పొదిగిస్తే పిల్లలొచ్చాయి! అంటే ఇక్కడ ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్నప్పుడు పెట్టిన గుడ్లన్నమాట. మన చెరువులు ఎండాకాలం నెర్రెలిచ్చినా ఇలాంటి గట్టి గుడ్లే మట్టిలో నిద్రపోయి, తొలకరికి లేస్తాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పొలాలకు పూడికమట్టి తోలుకున్న రైతన్నలూ, ట్రాక్టర్లో ఎన్ని గుడ్లు ఎక్కించారో లెక్కపెట్టారా?

  

బొచ్చె చేప నోరు పైకి ఎందుకు తిరిగి ఉంటుంది? పైనీళ్లలో తేలే జంతుప్లవకాలే దాని ప్రధాన భోజనం కాబట్టి. నర్సరీ చెరువుల్లో 50 లీటర్ల నీళ్లను సన్నటి వలలో వడగట్టి, గొట్టం అడుగున 1–2 మిల్లీలీటర్లు పేరుకుంటే చేపపిల్లలకు మేత సిద్ధం అంటారు. కానీ ఆ పేరుకున్నది ఏమిటన్నది అసలు ప్రశ్న. క్లాడోసెరా వంశపు మొయినా అయితే పండగే. సైక్లాప్స్ జాతులు కొన్ని మాత్రం అప్పుడే పుట్టిన చేపపిల్లల మీదే పడి కొరుకుతాయి. గొట్టంలో కొలత అదే, కానీ తినేదెవరో తారుమారు!

వీటిని లెక్కపెట్టే గాజుపలకలో పట్టేది సరిగ్గా 1 మిల్లీలీటరు: 50 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 1 లోతు. దాని మీద 1,000 గళ్లు! ఒక్కో గడిలో ఎవరున్నారో చూస్తూ పోవాలి. మంచినీటి జీవుల కోసమే జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1979లో హైదరాబాద్‌లో ప్రత్యేక కేంద్రం పెట్టింది. ఇప్పుడు నీటిలోని డీఎన్ఏ చదివి జాతుల జాబితా ఇచ్చే యంత్రాలున్నాయి కదా, ఇంకా ఈ కళ్లు చిట్లించడం దేనికంటారా? ఆ డీఎన్ఏ ఫలానాదానిదని మొదట ఒక నిపుణుడు ఆ ప్రాణిని గుర్తుపట్టి చెబితేనే యంత్రానికి పేరు తెలిసేది!

దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు గుట్టలెక్కి జనగామ జిల్లా రిజర్వాయర్లకు చేరుతున్నాయి. పైపుల్లో నీళ్లొక్కటే వస్తున్నాయనుకున్నారా? నదిలోని జంతుప్లవకాలూ, వాటి గుడ్లూ టికెట్ లేకుండా అదే దారిన వస్తాయి. వచ్చినవాళ్లలో ఊరివాళ్లెవరో, కొత్తవాళ్లెవరో చెప్పాలంటే, అయిదో కాలు చూసి జాతి పట్టే మనిషి కావాల్సిందే!