కళాసీ దుస్తుల్లో కవి: రింగెల్‌నాట్స్ విశేషాలు

చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నందుకు బడి నుంచి గెంటించుకున్న కవి ఎవరో తెలుసా? జర్మన్ హాస్య కవి యోఆఖిమ్ రింగెల్‌నాట్స్. లైప్‌జిగ్‌లో చదువుకునేటప్పుడు, పాఠాల మధ్య విరామంలో ఊళ్లోని జూకి పరుగెత్తాడు. పరాయి దేశాల మనుషుల్ని తీసుకొచ్చి జూల్లో ప్రదర్శనకు పెట్టే సిగ్గుమాలిన రోజులవి. అక్కడున్న సమోవా స్త్రీ ఒకామె చేత ముంజేతి మీద పొడిపించుకుని వచ్చాడు. బడివాళ్లు ఊరుకోలేదు.

అసలు పేరు హాన్స్ బెటిషర్. 1883 ఆగస్టు 7న వుర్ట్‌సెన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి గోడ కాగితాలకు డిజైన్లు గీస్తూ, తీరిక వేళ హాస్య పద్యాలు రాసేవాడు. పిచ్చి వంశపారంపర్యమే అన్నమాట!

రింగెల్‌నాట్స్ అనే కలం పేరు 1919లో పెట్టుకున్నాడు. నీటిపాము పేరు నుంచి వచ్చిందని కొందరు, నావికులు సముద్రపు గుర్రాన్ని పిలిచే పేరని కొందరు అంటారు.

ఇక ఉద్యోగాల సంగతి చెప్పాలంటే ఊపిరి పట్టాలి. 1901లో తెరచాప ఓడలో కుర్ర కళాసీగా చేరాడు. పొట్టి మనిషి, పొడుగాటి ముక్కు. ఓడవాళ్లకు ఏడిపించడానికి అంతకన్నా ఏం కావాలి? తర్వాత హాంబుర్గ్ తిరునాళ్లలో పాములు చూపించే డేరాలో పనిచేశాడు. జమీందారుల ఇళ్లలో పుస్తకాలు సర్దాడు. పాత కోటలో వచ్చినవాళ్లకు దారి చూపుతూ కథలు చెప్పాడు. ఒక్కచోటా నిలకడ లేదు. కానీ తర్వాత రాసిన కవితలకు సరుకంతా ఆ ఊరి నుంచి ఈ ఊరికి మోసిన అనుభవాల మూటలోనిదే అని నా నమ్మకం.

1909లో మ్యూనిక్‌లో కాతి కోబుస్ అనే ఆవిడ నడిపే 'సింప్లిసిస్సిముస్' అనే పానశాలలో రోజూ కవితలు చదివే ఆస్థాన కవి అయ్యాడు. ఆస్థానమంటే ఏ రాజుదో అనుకునేరు. దక్కేది బీరు, కాస్త చిల్లర. ఆ హోదానే బోర్డు మీదికెక్కించి 'ఆస్థాన కవి పొగాకు కొట్టు' తెరిచాడు. నెలలు తిరక్కుండానే అదీ మూతపడింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో చేరాడు. 1917లో సముద్రంలోని మందుపాతరలు ఏరే పడవకు కమాండరయ్యాడు. జనాన్ని నవ్వించిన మనిషి చేసిన పని అది!

1920లో ఆయన సృష్టించిన కుట్టెల్ డాడెల్డు అనే తాగుబోతు కళాసీ జర్మనీ అంతటినీ నవ్వించాడు. నోటికి అడ్డూ అదుపూ లేదు, మనసు మాత్రం వెన్న. రింగెల్‌నాట్స్ కళాసీ దుస్తుల్లో వేదికెక్కి, చేతిలో గ్లాసు పట్టుకుని ఊగుతూ చదువుతుంటే, ఇది కవా, పాత్రా అన్నది తెలిసేది కాదట. ఆ దుస్తులు మాత్రం నాటకాల కంపెనీ అద్దెకిచ్చినవి కావు, బతుకు ఇచ్చినవి. అదే ఏడు తన పుట్టినరోజునే లియోన్‌హార్డాను పెళ్లాడాడు. ఆమెను 'ముషెల్‌కాల్క్' అని పిలుచుకునేవాడు. అదొక రకం సున్నపురాయి పేరు. మన దగ్గర భార్యను 'బంగారం' అంటాం. ఈయన రాయి అన్నాడు!

1924లో పిల్లల ఆటల పుస్తకం పేరుతో ఒకటి తెచ్చాడు. అది చదివితే పిల్లలు చెడిపోతారని బెర్లిన్ పోలీసులు అట్ట మీద 'పెద్దలకు మాత్రమే' అని వేయించారు. బొమ్మలు కూడా వేసేవాడు, గ్యాలరీలో ప్రదర్శనలూ జరిగాయి.

నాటకమూ రాశాడు. 'సీసా' అనే ఆ నాటకం 1932లో లైప్‌జిగ్‌లో తొలిసారి ఆడింది. అందులో తానే వేషం కట్టి బృందంతో ఊరూరా తిరిగాడు. ఆ తిరుగుడు మీద మళ్లీ ఓ పుస్తకం! బడి నుంచి గెంటేసిన ఊరే నాటకానికి తొలి వేదిక కావడం ఆయన రాసిన ఏ హాస్యానికీ తీసిపోదు.

1933లో నాజీలు వచ్చారు. వేదికలు మూసుకుపోయాయి, పుస్తకాలు నిషేధంలో పడ్డాయి. ప్రదర్శనల మీదే బతికేవాడికి అది అన్నం కంచం లాగేయడమే. పైగా క్షయ. 1934 నవంబర్ 17న బెర్లిన్‌లో 51 ఏళ్లకే పోయాడు.

బెర్లిన్‌లోని హేర్‌స్ట్రాస్సె శ్మశానంలో ఆయన సమాధి పలక ఇప్పటికీ ఉంది. అది చెక్కింది ముషెల్‌కాల్క్ రాయిలోనే.