కనబడని ఆట, వినబడు మాట

సెల్‌ఫోనులో ఆడెడు ఆటలను గూర్చి నలుగురు మిత్రులు కూర్చుండి మాటలాడుకొని, ఆ మాటలను ధ్వనిముద్రణము గావించి, ఎవరికి తోచిన వేళ వారు వినుటకు వీలుగా అంతర్జాలమున నుంచినచో అది గేమింగ్ పాడ్‌కాస్ట్ అనబడును. 2005 జూన్ మాసమున ఆపిల్ సంస్థ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులకు చోటిచ్చిన నాటినుండి ఈ ప్రక్రియ లోకమంతట వ్యాపించినది. నేడు దీనికి వలసిన సామగ్రి యొక ఫోను, ఒక చిన్న మైకు, తలుపులు మూయ వీలగు నొక గది మాత్రమే గావున, అనకాపల్లి గవరపాలెములోని కుఱ్ఱవాడైనను ఈ సాయంకాలమే మొదలుపెట్టవచ్చును. మొదలుపెట్టుట యింత సులభమగుట చేతనే కాబోలు, నాలుగు భాగములు వెలువడిన పిమ్మట మూగవోవునవి పెక్కులు.

మైకు చౌకదగుట గాని, కంఠము సన్నమగుట గాని యీ యకాలమరణమునకు హేతువు కాదు. మాటలాడు నలుగురును ఆ ఆటను కన్నులార చూచినవారే. ఎవడు మేడపైనుండి కాల్చెనో, ఎవడు గడ్డిలో దాగెనో వారికి తెలియును. కావున వారి మాటలలో సగము సైగలు, తక్కిన సగము నవ్వులు. వినువాడు చూడలేదు. వానికి నవ్వు వినబడును గాని నవ్వునకు కారణము వినబడదు.

మన పిల్లలు మిక్కుటముగా నాడు బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆటనే యుదాహరణముగ గొందము. 2020 సెప్టెంబరులో మన దేశమున పబ్జీ మొబైల్ నిషిద్ధమైన పిమ్మట, 2021 జులైలో దాని స్థానమున వెలసి, 2022 జులైలో తానును యాప్ దుకాణములనుండి తొలగింపబడి, 2023 మే నెలలో మరల ప్రవేశించిన చరిత్ర దీనిది. నూరుగురు ఆటగాండ్రు విమానమునుండి ప్యారాచూట్లతో దిగుదురు. వారు దిగు ఎరాంగెల్ దీవి ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతియే వెడల్పు. ఆయుధము లేరుకొని యొకరినొకరు వెదకుకొనుచుండగా, చుట్టునున్న వలయము అంతకంతకు కుంచించుకొనిపోయి, బ్రదికియున్న వారినందఱ నొకచోటికి నెట్టును. ఇంత చెప్పుటకు అర నిమిషము చాలును. ఆ యర నిమిషము వెచ్చింప నొల్లక, “జోన్‌లోకి రొటేట్ అవుతుంటే థర్డ్ పార్టీ అయిపోనాంరా” అని యొకడనినచో, ఆ యాట నాడు వారికి తప్ప నన్యుల కది యర్థము కాని మంత్రము. ఆ బాలుడే, “మేం ఇద్దరం ఆళ్ళ ముగ్గురితో కొట్టుకుంటన్నాం, ఎనకనుంచి వలయం తరుముకొస్తంది, మేడమీద ఇంకో జట్టు అంతవరకూ సప్పుడు సెయ్యకుండా సూసి, మా రెండు జట్లనీ ఒక్కపాలే కాల్చీసింది” అని చెప్పెనా, ఆ యాట నెన్నడు నెఱుగని ముసలమ్మయు పని మాని చెవియొగ్గును.

కనబడని దానిని మాటతో గట్టి చూపుట మనకు క్రొత్తవిద్య కాదు. బుఱ్ఱకథను తలచుకొనుడు. తంబుర మీటుచు నడుమ నిలిచిన కథకుడు కథ నడపును. ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించు వంతలలో నొకడు హాస్యమునకు, వేఱొకడు లోకవ్యవహారమునకు, అనగా రాజకీయమునకు, నియుక్తుడు. షేక్ నాజర్ (1920-1997) పల్నాటి యుద్ధము చెప్పునపుడు వేదికమీద నున్నది మువ్వురు మనుష్యులే గాని సేనలు కావు. అయినను చూచినవారు యుద్ధమునే చూచితిమనుకొని యింటికి బోయిరి. ఈ మువ్వురి పనివిభాగమును ఆటల పాడ్‌కాస్టునకు మార్పులేక గ్రహింపవచ్చునని నా యభిప్రాయము. కథ చెప్పువా డొక్కడే యుండవలెను. రెండవవాడు అడ్డుపడి ప్రశ్నింపవలెను. వానికి ప్రత్యుత్తరము తెలిసియే యుండును, అయినను తెలియని శ్రోత పక్షమున నడుగును. వంత చేయు సేవలోని మర్మమంతయు నిందే కలదు. మూడవవాడు నవ్వింపవలెను, కథ బిగువుగా నున్న చోట మాత్రము నోరు మెదపరాదు. భాగము మాఱినపుడు పాత్రలు మార్చుకొనవచ్చును గాని, నడుమ నలుగురును కథకులైనచో సంతగోల తప్ప మఱేమియు మిగులదు. హైదరాబాదు ఆకాశవాణి కార్మికుల కార్యక్రమములోని చిన్నక్కయు, ఏకాంబరమును శ్రోతల యిండ్లలో చుట్టములవలె మెలగుటకు హేతువు గూడ నిదియే: ఏ మాటకు ఎవరు కస్సుమందురో, ఎవరు సర్దిచెప్పుదురో వినువారు ముందే యెఱుగుదురు. తోడెవరును లేని యొంటరివాడు సయితము నిరాశ నొందనక్కఱలేదు. కాలిఫోర్నియానుండి కిరణ్‌ప్రభ గారు బొమ్మయు లేక, తోడుగొంతుకయు లేక, ఒక్కరే మహనీయుల జీవితకథలను వారముల తరబడి చెప్పుకొనిపోగా తెలుగువారు వినుటలేదా!

ఇక భాగము యొక్క అమరిక. ఔత్సాహికుల కార్యక్రమములలో మొదటి యైదు నిమిషములు కుశలప్రశ్నలతోను, పోయిన వారము కరెంటు పోవుటచే ముద్రింపలేక పోతిమను క్షమార్పణములతోను గడచును. శ్రోత యీ లోపల వేఱొకచోటికి తరలిపోవును. ఆనాటి ముచ్చటలో నెల్ల యుత్కంఠభరితమగు ఘట్టము నెత్తుకొని, అర నిమిషము చెప్పి, సరిగా ముడి బిగిసిన చోట నాపి, అటుపై పేరులు చెప్పుకొనుడు. ఒక భాగమున కొకే ప్రశ్న యుండవలెను. బీజీఎంఐ కానరాని ఆ పది నెలలు మన యూరి యాటగాండ్రేమైరి? పుణెవారు 2020లో వెలువరించిన రాజీ అను ఆటలో మన పురాణము లెట్లమరినవి? చవుక ఫోను కాగిపోకుండ గంటసేపు ఆడుట యెట్లు? ఇట్టి ప్రశ్నలకు శ్రోత ప్రత్యుత్తరము కొఱకు కాచుకొనియుండును. ప్రపంచపు ఆటల వార్తలను చదివి వినిపించుట మాత్రము నాకు రుచింపదు; అవి నిన్ననే ఆంగ్లమున వచ్చియుండును, అనకాపల్లినుండి మాత్రమే చెప్పదగినవి మిగిలిపోవుచుండును.

గంట ముద్రించినచో ముప్పది నలువది నిమిషములు నిలుపుట మేలు. దేశమున బెల్లపు విపణికి పేరొందిన అనకాపల్లివారి కీ సంగతి వేఱుగ చెప్పనేల? పెనములో రసము కాగునపుడు తేలిన మడ్డిని తీయనిదే దిమ్మకు రంగు రాదు. అడుగడుగున దొరలు ‘అదేటంటే’లు, ఒకే నవ్వు ముమ్మారు నవ్వుటలు, దారితప్పిన ముచ్చటలు తీసివేయుటకు ఉచితముగా లభించు అడాసిటీ చాలును. ఊపిరినెల్ల కోసివేయుట గూడ దోషమే. అప్పుడు మనుష్యులు మాటలాడినట్లుండదు. ముద్రించునపుడు పంకా ఆపి, గోడలకు బొంతలో దుప్పట్లో వ్రేలాడదీసి, మైకునకు జానెడు దూరమున గూర్చుండి, వీలైనచో నొక్కొక్కరి గొంతు నొక్కొక్క మైకున పట్టవలెను. పరవాడకో అచ్యుతాపురమునకో కంపెనీ బస్సులో షిఫ్టునకు బోవు కార్మికుడు చెవులలో తీగలు పెట్టుకొని వినుచున్నాడనుకొనుడు. ఒకని మాట గుసగుసగాను, వేఱొకని నవ్వు పిడుగుపాటుగాను వినవచ్చినచో వాడు తీగలు పీకివేయును. అందుకే ఆపిల్ సంస్థ ధ్వని సగటు తీవ్రత మైనస్ 16 ఎల్‌కేఎఫ్ఎస్ (LKFS) ప్రాంతమున నుంచుడని సూచించుచున్నది. కూర్పు సాధనములలో దానిని కొలుచు వసతి కలదు.

భాషను గూర్చి యొక మాట. గురజాడ అప్పారావు గారు 1862లో జన్మించిన యస్. రాయవరము నేడు అనకాపల్లి జిల్లాలోనిది. ఎవరి మాట వారిచేత పలికించిన కన్యాశుల్కకర్త పుట్టిన సీమలో, మైకు ముందు కూర్చుండగానే కుఱ్ఱవాండ్రు టీవీ వ్యాఖ్యాతల గొంతు తెచ్చిపెట్టుకొనుట వింత. ఇంట మాటలాడు మాటయే మైకుముందును మాటలాడుడు. ‘ఏటి’యు, ‘గుంటడు’ను సిగ్గుపడవలసిన మాటలు కావు. ఆంగ్లపదములు దొరలినను దొరలుగాక, మైకు దొరకియుండినచో ఆ నాటకములోని గిరీశము వానిని మఱింత గుప్పించియుండును! గ్రాంథికమున వ్రాయుచు వ్యావహారికము నుపదేశించు నన్ను జూచి గిడుగువారి శిష్యులు నవ్వినను నాకు కోపము లేదు.

శ్రోతను బహువచనపు గుంపుగా భావించి “హాయ్ గైస్” అనుటకంటె నొక్కనితో మాటలాడునట్లు మాటలాడుట మేలు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై లక్షల యిండ్లలోనికి నడచిపోయిన దారి యదియే. భాగమునకు ‘ఎపిసోడ్ 7’ అని పేరిడక, లోపలి ప్రశ్ననే పేరుగా బెట్టవలెను. వారమునకో పక్షమునకో, చెప్పిన దినమున చెప్పిన వేళకు రావలెను. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడినది గావున, యూట్యూబునను స్పాటిఫైనను రెంటను ఉంచుట వివేకము.

శ్రోతలు నాలుగు వేలైన నాడు ప్రకటనకర్తలు వచ్చెదరు. వారిలో మొదట వచ్చువారు తఱచుగ పందెపు యాపులవారే. ఆంధ్రప్రదేశ్ 2020లోనే చట్టమును సవరించి ఆన్‌లైను రమ్మీ, పోకరు జూదములను నిషేధించినది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి యామోదము పొందిన కేంద్రచట్టము ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించుచునే, డబ్బు పందెపు ఆటల ప్రకటనలకు రెండేండ్ల వఱకు కారాగారమును, ఏబదిలక్షల రూపాయల వఱకు జుల్మానాయు విధింపవచ్చునని శాసించినది. ఆ సొమ్ము ముట్టకుడు.

ఇక మైకు కొనబోవు తమ్ముళ్ళకు, చెల్లెండ్రకు నా విన్నపము: క్రొత్త భాగమును లోకమునకు విడుచుటకు ముందు, ఆ యాట నెన్నడు నాడని యింటివారి నొకరిని గూర్చుండబెట్టి వినిపింపుడు, వారు ఫోను చేతికి దీసికొనిన నిమిషమును కాగితముపై వ్రాసికొని, కత్తెర నక్కడినుండి మొదలుపెట్టుడు.