మార్షల్ ద్వీపముల కవిత్వము: బోధనాక్రమము

పసిఫిక్ మహాసముద్రమందలి మార్షల్ ద్వీపముల కవిత్వమును బోధించుటకు అచ్చుప్రతి యొక్కటియే చాలదని మా యభిప్రాయము. కాథీ జెట్నిల్-కిజినర్ 2014 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సున తన శిశువును సంబోధించు కవితను స్వయముగా వినిపించెను. పిలుపు బిడ్డకు, వినువారు దేశాధినేతలు. ఈ భేదము చెవికే స్ఫుటముగా దెలియును.

2017లో వెలువడిన యామె సంపుటి 'ఇయెప్ జాల్టోక్'. మాటలాడువారి వైపు మూతి తిరిగిన బుట్ట యని దీని యర్థము. మాతృవంశక్రమము గల యా సమాజమున ఆడుబిడ్డకు ఇది యుపమానము.

1946-1958 నడుమ అమెరికా యచ్చట 67 అణుపరీక్షలు జరిపినది. ఇది యెరుగని విద్యార్థికి కవితలో జాలి మాత్రమే కనబడును. దీనినే ముందు చెప్పినచో కవిత వట్టి సాక్ష్యమగును. కావున మొదట వినుట, పిదప చరిత్ర, మరల వినుట, తుదకు పఠనము: ఈ క్రమము మేలని తలంచుచున్నాము.