గూలర్ పువ్వు - మేడి పురుగు

మా కళాశాల వెనుక గోడ నానుకొని ఒక మేడిచెట్టు కలదు. మొదలు నుండి కొమ్మల దాకా గుత్తులు గుత్తులుగా కాస్తుంది. రాలిన పండ్లపై ఈగలు ముసురుతున్నవనీ, వాహనాలు నిలుపుకొనుటకు చోటు చాలదనీ, దానిని కొట్టించవలెనన్న సూచన వినవచ్చినది. సూచించిన పెద్దలను తప్పుపట్టము. ఆ పండ్లపై కాలు జారినవారిలో మేమూ ఉన్నాము. అయినను చెట్టు పక్షాన కొంత చెప్పవలసియున్నది.

ఏటేటా మేము వేమన మేడిపండు పద్యం బోధిస్తున్నాము. పైమెరుగుకూ, లోని డొల్లతనానికీ ఆ పండు ఉపమానం. నిరుడు ఒక విద్యార్థి లేచి, "పండుకు రంధ్రమే లేదు గదా సార్, పురుగు లోపలికి ఎట్లా పోయింది?" అని అడిగాడు. ఎనిమిదేండ్లుగా ఆ పద్యం చెబుతున్న మాకు సమాధానం తెలియలేదు. ఈ సంగతి చెప్పగా మా ఉర్దూ అధ్యాపక మిత్రులు నవ్వి, "మీకు పురుగు తెలియదు, మాకు పువ్వు తెలియదు" అన్నారు. ఎంతకూ కంటబడని దానిని ఉర్దూలో 'గూలర్ కా ఫూల్' అంటారు. గూలర్ అనగా మేడియే.

వృక్షశాస్త్ర అధ్యాపకుల సహాయంతో ఒక పచ్చికాయను చీల్చి భూతద్దంతో చూశాము. రెండు ప్రశ్నలకూ సమాధానం అందులోనే ఉన్నది. మనం కాయ అనుకొనేది లోనికి ముడుచుకొన్న పూలగుత్తి. లోగోడ నిండా వందలకొద్దీ సన్నని పువ్వులు. మేడి పూయకపోలేదు, గోషాలో పూస్తున్నది!

కాయ కొనవద్ద పొలుసులు కప్పిన సూదిమొనంత ద్వారం ఉంటుంది. సెరటోసోలెన్ అనే జాతికి చెందిన, సుమారు 2 మిల్లీమీటర్ల ఆడ కందిరీగ దానిగుండా దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి. ఇక తిరుగు ప్రయాణం లేదు. వేరొక మేడి నుండి తెచ్చిన పుప్పొడిని పూలకు అందించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే మరణిస్తుంది. కొన్ని పూలు విత్తనాలౌతాయి, కొన్ని ఊయలలౌతాయి. పిల్లలలో మగవి ముందు పుడతాయి. వాటికి రెక్కలుండవు. ఆడవాటితో జతకట్టి, కాయ గోడను తొలిచి దారి చేసి, వెలుగులో బ్రతకకుండానే చనిపోతాయి. ఆ దారిన ఆడవి పుప్పొడి మోసుకొని ఎగిరిపోతాయి. పిమ్మటనే కాయ మెత్తబడి ఎర్రబారుతుంది. (పండులో కనిపించే పురుగులన్నీ ఇవే కావు, వేరే కీటకాలూ చేరుతాయి.)

వేమన ఉపమానానికి లోపమేమీ లేదు. కాని ఆయన పురుగు పండును చెరచినది కాదు, ఆ చెట్టుకు సంతానమిచ్చినది.

బయటికి వచ్చిన ఆడ కందిరీగకు ఆయుష్షు ఒకటి రెండు రోజులు. అంతలో సరియైన దశలో ఉన్న మరొక మేడిని చేరవలెను. మేడిచెట్లన్నీ ఒకేసారి కాయవు, కనుక ఊరిలో ఒక చెట్టు తగ్గితే దానికి ఒక మజిలీ తగ్గినట్లే. గోరింకలకూ, కోకిలలకూ, రాత్రివేళ గబ్బిలాలకూ కలిగే నష్టం వేరే చెప్పనక్కరలేదు.

రాలిన పండ్లను ప్రతి ఉదయం ఊడ్చుటకు మా తరగతి విద్యార్థులు వంతులు వేసుకొన్నారు. మొదటి వారం చీపురు పట్టే వారిలో మా పేరు కూడా ఉన్నదని కమిటీ వారికి మనవి.