ఉర్దూ మీడియం టీచర్ పోస్టులు: అభ్యర్థులు ఉన్నా ఎందుకు నిండడం లేదు?

డీఎస్సీ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఉర్దూ మీడియం జాబితాలో ఒక వింత కనిపిస్తుంది. డీఎడ్ చేసి, టెట్ పాసై, మంచి ర్యాంకు తెచ్చుకున్న అభ్యర్థులు ఉత్త చేతులతో ఇంటికి తిరిగిపోతారు. అదే జిల్లాలో, అదే మీడియంలో పోస్టులు మాత్రం ఖాళీగా మిగిలిపోతాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం 11,062 పోస్టులకు డీఎస్సీ నిర్వహించినప్పుడు కూడా ఇదే ముచ్చట. కారణం ఏమిటని అడిగితే ‘రిజర్వేషన్లు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అసలు చిక్కు రిజర్వేషన్‌లో కన్నా దాన్ని లెక్కగట్టే పద్ధతిలో ఉంది.

ముందు లెక్క చూద్దాం. తెలంగాణలో ఉద్యోగాల భర్తీకి 100 పాయింట్ల రోస్టర్ ఉంది. ఎస్సీలకు 15, ఎస్టీలకు 10 శాతం (2022కు ముందు ఎస్టీలకు 6 శాతమే), బీసీలకు 29, ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం. అన్నీ పోగా ఓపెన్‌లో మిగిలేవి 36. బీసీల 29 శాతంలో ముస్లింల కోసం ఉన్న బీసీ-ఈ వాటా 4 శాతం. ఇక మెహతర్లు బీసీ-ఏలో, దూదేకులవారు బీసీ-బీలో ఉన్నారు. దూదేకుల కుటుంబాల్లో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, పిల్లలు తెలుగు మీడియంలోనే చదువుతారు. అంటే ఉర్దూ మీడియంలో చదివిన అభ్యర్థుల్లో ఎక్కువమంది పోటీ పడేది ఓపెన్ 36, ఈడబ్ల్యూఎస్ 10, బీసీ-ఈ 4 పోస్టులకు. మొత్తం 50. నూటికి సగం పోస్టులకు దరఖాస్తు చేసేవారే దాదాపు ఉండరు.

ఎస్సీ పోస్టుల విషయం ఇంకా గట్టి ముడి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా వర్తిస్తుంది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. ముస్లిం ఎవరూ చట్టం ముందు ఎస్సీ కాలేరు. ఉర్దూ మీడియం పోస్టుకు అర్హత రావాలంటే మాత్రం పదో తరగతి ఉర్దూ మీడియంలోనో, ఉర్దూ ఫస్ట్ లాంగ్వేజ్‌గానో చదివి ఉండాలి. ఈ రెండు షరతులూ ఒకే మనిషిలో కలవడం ఎంత అరుదో చెప్పనక్కర్లేదు. ఎస్టీలకు మతం అడ్డు లేకపోయినా, గిరిజన తండాల్లో, గూడేల్లో ఉర్దూ బడి ఎక్కడుంది?

ఒకప్పుడు పరిస్థితి ఇలా లేదు. నిజాం కాలంలో చదువంతా ఉర్దూలోనే సాగింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. సి.నారాయణరెడ్డి ఉర్దూ మీడియంలో చదివే తెలుగు కవి అయ్యారు, దాశరథి గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆ తరంలో కులమతాలతో పని లేకుండా ఉర్దూ చదవడం, రాయడం వచ్చినవాళ్లు ఊరూరా ఉండేవారు. ఆ తరం వెళ్లిపోయింది. ఉర్దూ బడి ముస్లింల బడిగా, అందులోనూ పేద ముస్లింల బడిగా మిగిలింది. రోస్టర్ మాత్రం ఆ బడికి అన్ని వర్గాల నుంచీ టీచర్లు దొరుకుతారన్న లెక్కతోనే నడుస్తోంది.

దీనికి జిల్లా లెక్క తోడవుతుంది. టీచర్ పోస్టులు జిల్లా కేడర్. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 95 శాతం స్థానికులకే. హైదరాబాద్‌లో అభ్యర్థులు ఎక్కువ, పోస్టులు చాలవు. దూరపు జిల్లాలో పోస్టు ఖాళీగా ఉన్నా అక్కడికి వెళ్లే దారి 5 శాతం సందులోంచే. పైగా చిన్న జిల్లాలో ఉర్దూ మీడియం ఎస్జీటీ పోస్టులు పదికి లోపే ఉండొచ్చు. రోస్టర్‌లో రెండోది ఎస్సీ, నాలుగోది బీసీ-ఏ, ఏడోది మళ్లీ ఎస్సీ, ఎనిమిదోది ఎస్టీ. వరుస మొదటి నుంచి మొదలైతే ఎనిమిది పోస్టుల్లో నాలుగు అక్కడే ఆగిపోతాయి. వేల పోస్టులున్న తెలుగు మీడియంలో ఈ వరుస ఎవరికీ ఇబ్బంది కాదు, ఎనిమిది పోస్టులున్న చోట బడి నడవడమే కష్టం.

నష్టపోయేది ఎవరు? అయిదు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకున్న టీచరమ్మ, ఆమె ముందున్న పిల్లలు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 26 ప్రకారం ఏ ప్రభుత్వ బడిలోనూ మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించి ఖాళీలు ఉండకూడదు. ఇద్దరు టీచర్ల బడిలో ఒక పోస్టు ఖాళీ అయితే అది 50 శాతం. తల్లిదండ్రులు ఎన్నాళ్లు చూస్తారు? పిల్లల్ని తీసుకెళ్లి పక్క వీధిలోని ప్రైవేట్ ఇంగ్లిష్ మీడియంలో వేస్తారు. తర్వాత ‘పిల్లలు లేరు కాబట్టి ఈ పోస్టు అక్కర్లేదు’ అని హేతుబద్ధీకరణలో ఉన్న పోస్టు కూడా పోతుంది.

ఈ పోస్టుల రిజర్వేషన్ ఎత్తేసి ఓపెన్‌లో కలపాలన్నది చాలాకాలంగా వినిపిస్తున్న డిమాండ్. అడిగేవారి ఆవేదన న్యాయమైనదే. కానీ దళిత, గిరిజన సంఘాల భయం కూడా తీసిపారేసేది కాదు. ‘అర్హులు దొరకలేదు’ అన్న సాకుతో ఎన్ని పోస్టులు చేజారాయో వాళ్లకు బాగా తెలుసు. అందుకే నిండని రిజర్వుడు ఖాళీలను మరుసటి ఏడాదికి తీసుకెళ్లి విడిగా లెక్కించేలా 2000లో 81వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 16(4బి) చేర్చారు. 2024 జనవరిలో యూజీసీ ముసాయిదాలో డీ-రిజర్వేషన్ మాట కనిపించగానే దేశమంతా గొడవైంది, అలాంటిదేమీ జరగదని కేంద్రం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఒక మైనారిటీ సమస్యకు మరో బలహీన వర్గం వాటా కోసి పరిష్కారం వెతకడం సరైంది కాదు.

దారి వేరే ఉంది. రోస్టర్‌ను దేని ప్రకారం లెక్కించాలి అన్నదే అసలు ప్రశ్న. యూనివర్సిటీల్లో ఇదే వివాదం వచ్చింది. డిపార్ట్‌మెంట్‌ను యూనిట్‌గా తీసుకోవాలని 2018లో యూజీసీ చెప్పగానే రిజర్వుడు పోస్టులు తగ్గిపోయాయి. 2019లో పార్లమెంటు చట్టం చేసి మొత్తం సంస్థనే యూనిట్‌గా మార్చింది. అదే సూత్రాన్ని డీఎస్సీకి అన్వయిస్తే? ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మీడియంలలో ఎస్జీటీ జీతం ఒకటే, హోదా ఒకటే. జిల్లాలోని ఎస్జీటీ పోస్టులన్నీ ఒకే యూనిట్‌గా లెక్కించి, ఉర్దూలో అభ్యర్థి దొరకని ఎస్సీ, ఎస్టీ పోస్టుకు బదులు తెలుగు లేదా ఇంగ్లిష్ మీడియంలో ఒక పోస్టు అదే వర్గానికి ఇవ్వొచ్చు. ఉర్దూ చదివిన దళిత అభ్యర్థి ఒక్కరు వచ్చినా ముందు అవకాశం వారిదే. వాటాలో ఒక్క పోస్టూ తగ్గదు. తెలుగు మీడియంలోని ఓపెన్ అభ్యర్థులకు ఆ మేరకు కొన్ని తగ్గుతాయి, ఈ మాట దాచకూడదు. కానీ వేల పోస్టుల్లో అది చిన్న సంఖ్యే.

ఇలాంటి మార్పిడి చట్టానికి కొత్తేమీ కాదు. దివ్యాంగుల 4 శాతం కోటాలో అభ్యర్థి దొరక్కపోతే ఒక ఏడాది ముందుకు తీసుకెళ్లి, అప్పటికీ లేకపోతే ఒక వైకల్యం కేటగిరీ నుంచి మరో దానికి మార్చుకునే వీలు 2016 చట్టంలోని సెక్షన్ 34లోనే ఉంది.

శిక్షణ సంగతీ ఉంది. బీఈడీ చేసినవారు ప్రాథమిక బడుల్లో ఎస్జీటీ పోస్టుకు పనికిరారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక డీఎడ్ తప్పనిసరైంది. ఉర్దూలో డీఎడ్ సీట్లు దొరికే చోట్లు తక్కువ. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ ఒక పెద్ద ఆధారం, కానీ ఆదిలాబాద్ అమ్మాయికి గచ్చిబౌలి హాస్టల్ ఖర్చు భారమే. జిల్లా డైట్‌లలో ఉర్దూ సెక్షన్లు పెరిగితే, ఉర్దూ నేర్చుకోవాలనుకునే ఇతర వర్గాల విద్యార్థులకూ తలుపులు తెరిస్తే, పదేళ్ల తర్వాత రోస్టర్ దానంతటదే నిండే అవకాశం కూడా ఉంటుంది.

నిబంధనలు మారేదాకా, వచ్చే నోటిఫికేషన్‌కు సిద్ధమవుతున్నవారు రాష్ట్రం మొత్తం పోస్టుల అంకె చూసి మురిసిపోవద్దు. తమ జిల్లా పట్టికలో ఉర్దూ మీడియం వరుస తీసి, తమ కేటగిరీ గడిలో ఎన్ని ఉన్నాయో చూసుకోవాలి. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలకు బీసీ-ఈ వర్తించదు. ఇంటి వార్షిక ఆదాయం 8 లక్షల లోపు ఉండి మిగతా షరతులు కుదిరితే ఈడబ్ల్యూఎస్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది, పాతది పనికిరాదు. నోటిఫికేషన్ వచ్చాక మీసేవ ముందు నిలబడే కన్నా ఇప్పుడే తీసుకోవడం నయం.