జెండా ధర సరే... చేతికెంత?

ఫిబ్రవరి వచ్చిందంటే వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌ ఎర్రబారుతుంది. ఎటు చూసినా మిర్చి బస్తాలే. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్‌ వైపు నుంచి రాత్రంతా బండ్లు వస్తూనే ఉంటాయి. బస్తాల పక్కనే తువ్వాల పరుచుకుని కునుకు తీసిన రైతు తెల్లారగానే అడిగేది ఒకటే... 'జెండా ఎంత?'

జెండా పాట అంటే ఆ రోజు మొదటి వేలం. మేలైన సరుకు దగ్గర వ్యాపారులు చేరి పాడతారు. అక్కడ పలికిన గరిష్ఠ ధరే మర్నాడు పేపర్లో కనిపిస్తుంది. కానీ అది అందరికీ దక్కదు. తేమ ఉందనీ, రంగు తగ్గిందనీ, తాలు కలిసిందనీ ఒక్కో రాశి దగ్గర ఒక్కో వంక. ధర దిగుతూ పోతుంది.

అప్పుతోనే ముడి

రైతుకీ ఖరీదుదారుకీ మధ్య ఉండేది అడ్తిదారు. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద లైసెన్సు పొందిన కమీషన్‌ ఏజెంటు. సరుకు దింపించి, పాట పెట్టించి, కాంటా వేయించి, లెక్క చూసి డబ్బిస్తాడు. అందుకు కమీషన్‌. అంతవరకే అయితే పేచీ లేదు.

అసలు బంధం నారు పోసే రోజునే మొదలవుతుంది. మిర్చికి పెట్టుబడి ఎక్కువ. బ్యాంకు పాసుపుస్తకం అడుగుతుంది. కౌలు రైతుకు అదెక్కడిది? రుణ అర్హత కార్డులివ్వాలని 2011లో చట్టం వచ్చినా, కార్డు అందని కౌలుదారులెందరో. అప్పుడు ఆదుకునేది అడ్తిదారే. ఆ చేతిని రైతు మరచిపోడు... మరచిపోనివ్వరు కూడా! పంట ఆ అడ్తికే రావాలి. అప్పున్న చోట బేరమాడే గొంతు పెగలదు. 1997-98లో ఓరుగల్లు పత్తి రైతుల ఆత్మహత్యల వెనకా పంట నష్టంతో పాటు ఇలాంటి ప్రైవేటు అప్పులే ఉన్నాయి.

దళారీ లేకుండా?

1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. కూరగాయల రైతు నేరుగా అమ్ముకోగలిగాడు. కానీ క్వింటాళ్ల కొద్దీ మిర్చిని కిలోల లెక్కన అమ్ముతూ ఎవరు కూర్చుంటారు? 2016లో ఈ-నామ్‌ వచ్చింది. దూరాన ఉన్న వ్యాపారి కూడా కంప్యూటర్లో ధర వేయొచ్చు. అయితే పెట్టుబడికి అప్పిచ్చేది కంప్యూటర్‌ కాదుగా!

పత్తికి మద్దతు ధర ఉంది, ధర పడితే కొనేందుకు సీసీఐ ఉంది. మిర్చికి అదీ లేదు. 2017లో ధర కుప్పకూలితే కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయలు ప్రకటించింది, అదీ కొంత సరుకుకే. కోల్డ్‌ స్టోరేజీలో దాచుకుని ఆగుదామంటే అప్పు ఆగదు.

వరంగల్‌ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పేరొచ్చింది, మంచిదే. దాంతో పాటు సకాలంలో బ్యాంకు రుణం, సరుకు దాచుకునే వీలూ దక్కితే అడ్తిదారు కేవలం అమ్మిపెట్టే మనిషిగా మిగులుతాడు. అప్పుడు రైతు నచ్చిన ధరకే అమ్ముతాడు, నచ్చకపోతే ఆగుతాడు.

మార్కెట్లో ఎవరైనా 'జెండా ఎంత?' అనే అడుగుతారు. ఇంటికెళ్లాక భార్య అడిగేది మాత్రం వేరు... 'చేతికెంత వచ్చింది?'